నెల సూదా, రోజూ మాత్రా? కాలుగాలిన పిల్లిలా తిరిగే రాత్రులను కూడా లెక్కలో వేసుకోండి

డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన అయిదో రోజు రాత్రి మా తమ్ముడు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుతూనే ఉన్నాడు. బెంగళూరు కె.ఆర్.పురంలో మాది రెండు గదుల ఇల్లు, తిరగడానికి పట్టుమని పది అడుగులు కూడా ఉండవు. అన్నం ముందు కూర్చోబెడితే రెండు ముద్దలు తిని లేచిపోయాడు. కూర్చుంటే మోకాళ్ళు ఆడుతున్నాయి. నిలబడితే బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. "ఒక్కచోట ఉండరా నాయనా" అంటే, "ఉండలేకపోతున్నానక్కా, లోపలేదో తరుముతోంది" అన్నాడు. హిందూపురం నుంచి వచ్చిన అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

డిశ్చార్జ్ రోజున వాడి మానసిక జబ్బుకి ఫ్లూఫెనజీన్ డెకనోయేట్ అనే, వారాల తరబడి పనిచేసే సూది వేశారు. "మాత్రలు మానేస్తున్నాడు కదా, ఇదొకటి వేస్తే మూడు వారాలు నిశ్చింత" అన్నారు. అంతకుముందు ఆ మందు వాడి ఒంటికి పడుతుందో లేదో మాత్రగా ఇచ్చి చూడలేదు, చిన్న డోసుతో పరీక్షా చేయలేదు. ఆ ప్రైవేటు ఆస్పత్రికి ఫోన్ చేస్తే "జబ్బు ఇంకా లొంగలేదు, తీసుకురండి, ఇంకో డోసు వేద్దాం" అన్నారు. వేయించలేదు. అది నా తెలివేం కాదు. ఆ రోజు వానకి రింగ్ రోడ్డు మునిగింది, క్యాబ్ దొరకలేదు, అంతే.

మర్నాడు ఓ ప్రభుత్వాస్పత్రి ఓపీకి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ వాడిని రెండు నిమిషాలు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు నిలబెట్టి, మాట్లాడకుండా కాళ్ళకేసే చూసింది. తర్వాత కన్నడం కలిసిన తెలుగులో అడిగింది: "ఈ గాబరా తలలో ఉందా, కాళ్ళలో ఉందా?"

"కాళ్ళలో మేడం. తల బాగానే ఉంది. కాళ్ళే నన్ను ఉండనివ్వట్లేదు."

"ఇలాగే ఉంటే చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా?"

"మూడు రోజులనుంచి అనిపిస్తోంది. ఇంట్లో చెప్పలేదు."

నేను పక్కనే ఉన్నాను. మూడు రోజులుగా వాడికి మజ్జిగ కలిపిస్తున్నాను, కాళ్ళు పడుతున్నాను, ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు.

ఆవిడ చెప్పిన పేరు అకథీషియా. మానసిక జబ్బు మందుల్లో కొన్నిటివల్ల కాళ్ళలో, ఒంట్లో పుట్టే తట్టుకోలేని అస్థిమితం. సూది ఎంచుకునేవాళ్ళకి ఈ మాట ముందే తెలిసుండాలని ఇదంతా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడటం, లేనిపోని నమ్మకాలు కలగడం లాంటి తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్న తమ్ముడిని ఆరేళ్ళుగా చూసుకుంటున్న అక్కని. ఇది చదివి, నడుస్తున్న మందు ఏదీ మీ అంతట మీరు ఆపకండి. ఉన్నట్టుండి మందు మానేయడమే ఈ జబ్బులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదాల్లో ఒకటి.

## మందు పేరు కన్నా ముందు చూడాల్సినవి

వేశాక వెనక్కి తీయలేం. మాత్ర పడకపోతే రేపటి మాత్ర ఆపొచ్చు. సూది పడకపోతే అది కండలోంచి తనంతట తాను కరిగి తగ్గేదాకా వారాలూ నెలలూ కాచుకోవాలి. నా లెక్కలో మొదటి గీటురాయి ఇదే. అందుకే ఏ సూదికైనా ముందు అదే మందునో, దాని దగ్గరి చుట్టాన్నో మాత్రగా ఇచ్చి చూడాలి. పాలిపెరిడోన్ సూదికి ముందు రిస్పెరిడోన్ మాత్ర, అరిపిప్రజోల్ సూదికి ముందు అరిపిప్రజోల్ మాత్ర, నూనెలో కలిపిన పాత సూదులకైతే చిన్న పరీక్ష డోసు. "మాత్రగా చూశారా?" అని అడగడం డాక్టరుకి ఎదురుచెప్పడం కాదు, అది అడగాల్సిన ప్రశ్నే.

మాత్రలు ఎందుకు తప్పుతున్నాయి? మరిచిపోయి తప్పడం వేరు. "నాకేం జబ్బు లేదు" అని ఉమ్మేయడం వేరు. "ఇది వేసుకుంటే ఒళ్ళు చచ్చుబడుతోంది" అని మానేయడం వేరు. మొదటి ఇద్దరికీ సూది నిజంగా మేలు చేస్తుంది. మూడోవాడికి అదే మందును సూదిగా వేస్తే, వాడు ఏది తట్టుకోలేక మానేశాడో దాన్నే నెలరోజులు ఒంట్లో బంధించినట్టు.

చావు ఆలోచనలు ఇప్పుడున్నాయా, ఎప్పుడైనా వచ్చాయా? దీనికి జవాబు అవునైతే ఎంపిక మొత్తం మారిపోవచ్చు. క్లోజపీన్ అనే మాత్ర దగ్గర వివరంగా చెబుతాను.

మొదటి మూడు వారాలు ఎవరు చూస్తారు? సూది వేసి పంపేశాక ఎవరైనా ఫోన్ చేస్తారా? రాత్రి పదకొండింటికి అస్థిమితం మొదలైతే ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్నకి ఆస్పత్రి దగ్గర జవాబు లేకపోతే, సూది ఎంత మంచిదైనా నేను సందేహిస్తాను.

బరువు, షుగరు, హార్మోన్లు, ఖర్చు, ప్రయాణం వీటి తర్వాతే వస్తాయి. అవి చిన్నవని కాదు. వాటిని సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

## సూదికీ ఆత్మహత్య ప్రమాదానికీ లంకె ఏమిటి?

ఇక్కడ రెండు నిజాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. రెండూ తెలియాలి.

స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో జీవితకాలంలో ఆత్మహత్యతో పోయేవాళ్ళు సుమారు 5 శాతమని లెక్కలున్నాయి. ఆ ప్రమాదం జబ్బు బయటపడిన తొలి ఏళ్ళలో ఎక్కువ, ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన మొదటి వారాల్లో, నెలల్లో మరీ ఎక్కువ. అంటే ఇల్లంతా "హమ్మయ్య, నయమైంది" అనుకునే రోజులే. బుర్ర తేటపడ్డాక వాడికి పోయిన ఉద్యోగం, తప్పిన పెళ్ళిసంబంధం, ఫోన్ ఎత్తని స్నేహితులు అన్నీ ఒక్కసారి కనబడతాయి. మందులు తప్పితే జబ్బు తిరగబెడుతుంది, దానితో ప్రమాదమూ పెరుగుతుంది. తైవాన్‌లోనూ హాంకాంగ్‌లోనూ వేలమంది ఆస్పత్రి రికార్డులు చూసిన అధ్యయనాల్లో, నెల సూదుల మీదున్న కాలంలో ఆత్మహత్యాయత్నాలు తక్కువగా కనిపించాయి. కాబట్టి "సూది వేస్తే చచ్చిపోతారట" అనే మాట నమ్మి పారిపోవద్దు.

రెండోది. 1969లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు డాక్టర్లు ఫ్లూఫెనజీన్ సూది తర్వాత కొందరు రోగులు తీవ్రమైన కుంగుబాటులో పడ్డారనీ, కొందరు ప్రాణాలు తీసుకున్నారనీ రాశారు. 1983లో ఇంకో బృందం అదే సూది, అకథీషియా, ఆత్మహత్య మూడూ కలిసిన కేసులను వివరించింది. కొన్ని కేసుల్ని బట్టి సూదే కారణమని తేల్చలేం, జబ్బే కుంగుబాటు తెచ్చి ఉండొచ్చు. కానీ అకథీషియా ఉన్నప్పుడు చావు ఆలోచనలు పెరగడం డాక్టర్లు ఎన్నోసార్లు చూసిన విషయం. మా ఇంట్లో నేనూ చూశాను. కాళ్ళ అస్థిమితం తగ్గిన వారానికి వాడి ఆలోచనలూ తగ్గాయి.

చిక్కంతా ఏమిటంటే బయటినుంచి చూస్తే అకథీషియా అచ్చం జబ్బు ముదిరినట్టే ఉంటుంది. తిరుగుడు, చిరాకు, నిద్రలేమి. జబ్బనుకుని డోసు పెంచితే అస్థిమితం ఇంకా పెరుగుతుంది. మన భాష కూడా ఇందులో అడ్డమొస్తుంది. తెలుగువాళ్ళం అన్నిటికీ "గాబరాగా ఉంది" అంటాం. భయమైనా గాబరానే, గుండెదడైనా గాబరానే, కాళ్ళు నిలవకపోయినా గాబరానే. బెంగళూరులో డాక్టరు అది కన్నడంలో విని, ఇంగ్లీషులో కేస్ షీటు మీద "ఆందోళన" అని రాసుకుంటారు. అందుకే గాబరా అనకండి. "కూర్చోలేకపోతున్నాడు, కాళ్ళు ఆగట్లేదు, సూది వేసిన మూడో రోజు మొదలైంది" అని చెప్పండి. రోజు, శరీరభాగం, ఏ పని చేయలేకపోతున్నాడు, ఈ మూడూ చాలు.

దీనికి వైద్యముంది. డోసు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనొలాల్ లాంటివి ఇవ్వడం. ఈ మందులతోపాటు ఇచ్చే, చాలామంది ఇళ్ళలో ఉండే పాసిటేన్ మాత్ర మెడ పట్టేయడానికీ, బిగుసుకుపోవడానికీ పనిచేసినంతగా దీనికి పనిచేయదు. "పాసిటేన్ ఇస్తూనే ఉన్నాం కదా" అనుకుని ఊరుకోకండి.

## ఒక్కచూపులో

| మందు | ఎన్నాళ్ళకోసారి | రక్తంలో సగానికి తగ్గే కాలం | అస్థిమితం, బిగుతు | బరువు, హార్మోన్లు | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ఫ్లూఫెనజీన్ డెకనోయేట్ | 2–4 వారాలు | సుమారు 2 వారాలు | ఎక్కువ | బరువు తక్కువ, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పెరుగుతుంది | తక్కువ |
| హాలోపెరిడాల్ డెకనోయేట్ | 4 వారాలు | సుమారు 3 వారాలు | ఎక్కువ | బరువు తక్కువ, ప్రొలాక్టిన్ పెరుగుతుంది | తక్కువ |
| ఫ్లూపెంథిక్సాల్ డెకనోయేట్ | 2–4 వారాలు | సుమారు 3 వారాలు | ఉంటుంది | మధ్యస్థం | తక్కువ |
| పాలిపెరిడోన్ నెల సూది | నెల | 25–49 రోజులు | పాతవాటికన్నా తక్కువ | బరువు పెరుగుతుంది, ప్రొలాక్టిన్ బాగా పెరుగుతుంది | వేలల్లో |
| అరిపిప్రజోల్ నెల సూది | నెల | సుమారు 46 రోజులు | అస్థిమితం రావచ్చు, బిగుతు తక్కువ | రెండూ తక్కువ | ఎక్కువ |
| ఓలంజపీన్ పామోయేట్ | 2 లేదా 4 వారాలు | సుమారు నెల | తక్కువ | బరువు, షుగరు బాగా | ఎక్కువ |
| క్లోజపీన్ (మాత్ర) | రోజూ | గంటల్లో | చాలా తక్కువ | బరువు బాగా, ప్రొలాక్టిన్ దాదాపు పెంచదు | మాత్ర చవకే, రక్తపరీక్షలు అదనం |

మూడో గడిని జాగ్రత్తగా చదవండి. "సగానికి తగ్గే కాలం" అంటే పూర్తిగా పోయే కాలం కాదు. పూర్తిగా పోవడానికి దానికి నాలుగైదు రెట్లు పడుతుంది. పాలిపెరిడోన్ ఆఖరి సూది తర్వాత కూడా నెలల తరబడి ఒంట్లో మిగిలే ఉంటుంది.

## పాత నూనె సూదులు: ఫ్లూఫెనజీన్, హాలోపెరిడాల్, ఫ్లూపెంథిక్సాల్

మొదటి రెండింటిలోనూ మందు కలిసేది మన నువ్వుల నూనెలోనే. పిరుదు కండలో లోతుగా వేస్తారు, నొప్పి, గడ్డ మామూలే. నువ్వులు పడనివాళ్ళుంటే ముందే చెప్పాలి. ప్రభుత్వాస్పత్రుల్లో ఎక్కువగా కనబడేవి ఇవే. చవక.

చవక అంటే నాసి అని కాదు. 2014లో అమెరికా వైద్యపత్రిక జామాలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 300కి పైగా రోగుల్లో సగం మందికి హాలోపెరిడాల్ డెకనోయేట్, సగం మందికి పాలిపెరిడోన్. జబ్బును అదుపులో ఉంచడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా అంతా ఒంటిమీద. పాలిపెరిడోన్ వాళ్ళు బరువు పెరిగారు, ప్రొలాక్టిన్ పెరిగింది. హాలోపెరిడాల్ వాళ్ళకి అకథీషియా ఎక్కువగా వచ్చింది. "వేలు పోస్తే మంచి మందు, వందల్లో దొరికేది పాతచింతకాయ పచ్చడి" అనే మాట మా వెయిటింగ్ హాల్లో తరచూ వింటాను. ఈ పరీక్ష గురించి చెబితే ఎవరూ నమ్మరు.

మరి నేను ఫ్లూఫెనజీన్‌ని ఎందుకు తిట్టుకుంటున్నాను? తిట్టుకోవట్లేదు. ఆ మందు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో గభాలున పైకి లేస్తుంది, అందుకే ఇబ్బంది కూడా తొందరగా వస్తుంది. పరీక్ష డోసు లేకుండా, కుర్రాడికి, మొదటి జబ్బులో, డిశ్చార్జ్ రోజున వేసి, ఫోన్ నంబరివ్వకుండా పంపడం మీద నా కోపం. అదే సూది మా వీధి చివర టైలరు ఆంజనేయులు మామ పదకొండేళ్ళుగా వేయించుకుంటున్నాడు, మిషన్ ముందు కుదురుగా కూర్చుని రోజుకి నాలుగు జాకెట్లు కుడతాడు.

ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కొందరికి పెదవులు చప్పరించడం, నాలుక ఆడటం లాంటి అసంకల్పిత కదలికలు మొదలవుతాయి. అవి ఒక్కోసారి మందు ఆపినా పోవు. ఆరు నెలలకోసారి నోరు తెరిపించి, చేతులు చాపించి చూడమని అడగండి. అడగకపోతే చాలా ఓపీల్లో అంత తీరిక ఉండదు.

## పాలిపెరిడోన్ నెల సూది

మా తమ్ముడు ఇప్పుడు దీనిమీదున్నాడు. రిస్పెరిడోన్ మాత్ర ఆరు వారాలు వాడి చూశాకే వేశారు. మొదటి రోజు ఒకటి, ఎనిమిదో రోజు ఒకటి, రెండూ భుజానికి, ఆ తర్వాత నెలకొకటి. విడిగా మాత్రలు కలిపి వాడాల్సిన పని లేకపోవడం దీని సుఖం. నెల సూది మీద నిలకడగా ఉన్నవాళ్ళకి మూడు నెలల రకం కూడా ఉంది. ఆ తొందర వద్దని నా అభిప్రాయం. ఏదైనా తేడా వస్తే నెల సూదే ఎక్కువకాలం ఉంటుంది, ఇక మూడు నెలలదాని సంగతి చెప్పాలా?

అస్థిమితం దీనితోనూ రావచ్చు, మావాడికి రాలేదు. వచ్చింది వేరేది. ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. ఇంకోటి నాకు చెప్పలేదు, చెప్పడు కూడా. ఓ ఆదివారం మా ఆయనతో టీకి వెళ్ళినప్పుడు "బావా, పెళ్ళి చేసుకుని ఏం లాభంలే" అన్నాడట. ఆయన విషయం పట్టుకుని మెల్లగా అడిగితే బయటపడింది: కోరిక లేదు, పనీ కాదు. ప్రొలాక్టిన్ పరీక్ష చేస్తే చాలా ఎక్కువ. డాక్టరు డోసు తగ్గించారు, సగం నయం. కుర్రాళ్ళు మందులు మానేయడానికి, లోలోపల కుంగిపోవడానికి ఇది ఎంత పెద్ద కారణమో ఎవరూ పైకి మాట్లాడరు. అక్కకీ అమ్మకీ చెప్పరు. బావో, బాబాయో, మగ డాక్టరో అడగాలి. ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవడం, పాలు రావడం జరుగుతాయి. "పెళ్ళి కాని పిల్లకి పాలేంటి" అని ఇంట్లో రభస చేసే ముందు మందు చీటీ చూడండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఈ సూది సరిపడదు.

## అరిపిప్రజోల్, ఓలంజపీన్ సూదులు

ఈ రెండూ అన్నిచోట్లా దొరకవు, మీ డాక్టరు రాస్తేనే వెతకండి. అరిపిప్రజోల్ బరువు, ప్రొలాక్టిన్ విషయంలో నెమ్మది. మొదటి సూది తర్వాత రెండు వారాలు మాత్ర కూడా వేసుకోవాలి. అకథీషియా దీనికి సుపరిచితమే, "కొత్త మందు కదా" అని ధీమా వద్దు. కొందరిలో జూదం, విపరీతంగా కొనడం లాంటి ఆపుకోలేని కోరికలు పుడతాయని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఫోన్లో రమ్మీ ఆడే కుర్రాడుంటే డాక్టరుకి చెప్పి తీరాలి.

ఓలంజపీన్ సూది తర్వాత అరుదుగా మందు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్ళి మగతా, అయోమయం వస్తాయి. అందుకని వేసిన ప్రతిసారీ ఆస్పత్రిలోనే 3 గంటలు కూర్చోవాలి. అంత వ్యవస్థ లేని క్లినిక్‌లో వేస్తామంటే వద్దనండి.

## క్లోజపీన్: సూది కాదు, అయినా ఈ పోలికలో ఉండి తీరాలి

స్కిజోఫ్రీనియాలో మళ్ళీమళ్ళీ వచ్చే ఆత్మహత్యా ప్రవర్తనను తగ్గించడానికి అమెరికాలో అనుమతి పొందిన ఒకే ఒక యాంటీసైకోటిక్ (ఈ జబ్బుకిచ్చే రకం మందు) ఇది. ఆ అనుమతి 2002 చివర్లో వచ్చింది. దానికి ఆధారమైన పరీక్షలో 980 మంది రోగుల్లో క్లోజపీన్‌ని రెండేళ్ళు ఓలంజపీన్‌తో పోల్చి చూశారు, క్లోజపీన్ మీదున్నవాళ్ళలో ప్రయత్నాలు తక్కువ. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషికి "ఏ సూది?" అని మాత్రమే చర్చ జరుగుతుంటే, "క్లోజపీన్ ఎందుకు వద్దు?" అని అడిగే హక్కు మనకుంది. వద్దనడానికి కారణం ఉండొచ్చు, కానీ అది మనకి వినబడాలి.

కారణాలు తక్కువేం కాదు. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి మొదట వారం వారం రక్తపరీక్ష. బ్రిటన్ పద్ధతిలో 18 వారాలు, అమెరికా లేబుల్ పద్ధతిలో 6 నెలలు, తర్వాత దూరం పెరుగుతుంది. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు పరీక్ష. మొదటి వారాల్లో గుండె కండరం వాపు రావచ్చు, ఛాతీ నొప్పి, ఆయాసం చిన్నగా తీసుకోవద్దు. రాత్రిళ్ళు చొంగతో దిండు తడిసిపోతుంది. మలబద్ధకం నవ్వులాట కాదు, ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. రెండు రోజులు మాత్ర తప్పితే పాత డోసుతో మొదలుపెట్టకూడదు, మళ్ళీ చిన్న డోసునుంచి ఎక్కాలి. సిగరెట్టు ఉన్నట్టుండి మానేస్తే రక్తంలో మందు పెరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే. మాత్రలు మానేసే మనిషి చేతికి రోజూ వేసుకోవాల్సిన ఈ మాత్ర ఎలా ఇస్తాం? పక్కన కూర్చుని మింగించే మనిషి ఇంట్లో ఉంటేనే ఇది నడుస్తుంది. మాలాంటి కుటుంబాల గుంపులో మదనపల్లె నుంచి వచ్చి మారతహళ్ళిలో ఉంటున్న ఒకావిడ ఉన్నారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి కొడుకుతో కలిసి తన బీపీ మాత్ర కూడా అప్పుడే వేసుకుంటారు. "నువ్వొకటి, నేనొకటి" అని. మూడేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదట.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

మొదటిసారి జబ్బు పడిన కుర్రాడు, ఐటీ ఉద్యోగం, ఒంటరిగా పీజీలో. సూది వల్ల నిజమైన లాభం ఇతనికుంది, ప్రమాదమూ ఇతనికే ఎక్కువ. మాత్రగా నిలబడిన మందునే సూదిగా మార్చుకోండి. మొదటి నెల పీజీ వద్దు. ఇంటికైనా తెచ్చుకోండి, ఇంట్లో ఒకరైనా అక్కడికి వెళ్ళండి.

ముందు ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళు, ఇప్పుడు కూడా ఆ ఆలోచనలున్నవాళ్ళు. క్లోజపీన్ మాట ముందు. అది కుదరకపోతే అస్థిమితం తక్కువ తెచ్చే మందు, దగ్గరదగ్గరగా ఫాలో-అప్. కుంగుబాటుకి విడిగా వైద్యం అవసరమా అని కూడా అడగండి.

అనంతపురం, హిందూపురం, చిత్తూరు నుంచి బండెక్కి బెంగళూరు వచ్చేవాళ్ళు. సూది ఇక్కడే వేయించుకోవాలని లేదు. డాక్టరు చీటీ, తేదీల కార్డు ఉంటే ఊళ్ళో జిల్లా ఆస్పత్రిలోనే వేయించుకోవచ్చు, రెండు మూడు నెలలకోసారి ఇక్కడ చూపించుకోవచ్చు. వేసేవాళ్ళకి నూనె సూది లోతుగా వేయడం తెలుసో లేదో చూసుకోండి. రైలు ఖర్చు కలిపితే వేలరూపాయల సూది కన్నా ఊళ్ళో దొరికే పాత సూది క్రమంగా సాగడమే మేలు కావచ్చు.

షుగరు ఉన్నవాళ్ళు, ఇప్పటికే బరువున్నవాళ్ళు. ఓలంజపీన్ దూరం. హాలోపెరిడాల్ తక్కువ డోసులో పడితే అదే లాభం.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు. ఏ సూది వేయించుకునే ముందైనా ఆ కోరిక చెప్పండి. తర్వాత చెబితే మందు ఒంట్లోంచి పోవడానికే నెలలు పడతాయి.

## సూది వేసిన ఇంట్లో మొదటి మూడు వారాలు

రోజూ ఒకసారి కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, పక్కనే మీరూ కూర్చోండి. టీవీ ముందైనా సరే. కాళ్ళు చూడండి.

రెండు రోజులకోసారి సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మా అమ్మ భయం. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, చాలామందికి చెప్పుకునే దారి దొరుకుతుంది. "అవును" అంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి. మాత్రలు తాళంలో పెట్టి ఏ రోజుకారోజు ఇవ్వండి. ఊరికి తీసుకెళ్తే పొలం మందులు ఇంట్లోంచి తీయించేయండి.

మెడ ఒక పక్కకి తిరిగిపోవడం, కళ్ళు పైకి నిలిచిపోవడం, నాలుక బిగుసుకోవడం వస్తే ఎమర్జెన్సీకి. విరుగుడు సూదితో తొందరగా తగ్గుతుంది. కట్టెలా బిగుసుకుని, జ్వరం కాగి, చెమటలు పట్టి, అయోమయంగా మాట్లాడితే నిమిషం ఆగొద్దు. అది అరుదైనది, కానీ ప్రాణాంతకం. నూనె సూది మీదున్నవాళ్ళలో ఎక్కువకాలం సాగుతుంది కూడా.

అర్ధరాత్రి ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. దాని జాతీయ కేంద్రం మన హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనే ఉంది. ఎవరైనా ప్రయత్నం చేసి బయటపడితే పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

అదే చట్టంలో ఇంకో సౌకర్యం ఉంది, ఎక్కువమందికి తెలియదు. మనిషి తేటగా ఉన్నప్పుడే, మళ్ళీ జబ్బు పడితే తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగా రాసి పెట్టుకోవచ్చు. అత్యవసర వైద్యానికి అది అడ్డు రాదు. మావాడు పోయినేడాది రాశాడు. మొదటి వాక్యం వాడి చేతిరాతలోనే ఉంది: "నాకు ఫ్లూఫెనజీన్ వేయవద్దు. నేను తిరుగుతుంటే ముందు నా కాళ్ళు చూడండి."